డెల్ చెయ్యి

ఎల్మ్స్‌ఫీల్డ్, నెబ్రాస్కా
28 ఆగస్టు 1996

ఒరేయ్ డెల్,

ఫోన్ చేద్దామంటే మా లోయిస్ ఒప్పుకోవడం లేదు. పోయినసారి మనిద్దరం మాట్లాడుకున్నప్పుడు పక్కింటివాళ్ళు షెరిఫ్‌కి కబురు పెట్టబోయారట. అందుకని ఉత్తరం రాస్తున్నాను. ఇందులో ఎంత అరిచినా ఎవరికీ వినపడదు.

రిటైరయ్యాక ఇంట్లో ఊరికే కూర్చుని వంటకి వంకలు పెడుతున్నానని లోయిస్ నాకో పని చూసిపెట్టింది. ఇక్కడి కాలేజీకి పరదేశాల నుంచి వచ్చిన పిల్లలకి మన ఫుట్‌బాల్ నేర్పాలి. వాళ్ళ దేశాల్లో కాలితో తన్నేది కాదు, మనం చంకలో పెట్టుకుని పరిగెత్తేది. శనివారం వచ్చిందంటే ఊరంతా ఒకే రంగు చొక్కాలు తొడుక్కుని ఎందుకు ఊగిపోతోందో తెలియక, పాపం, హాస్టల్ కిటికీల్లోంచి చూస్తూ కూర్చుంటున్నారట.

నలభై ఏళ్ళు లెక్కలు చెప్పినవాణ్ణి, ఇదెంత అనుకున్నాను. మొదటి రోజే తల ప్రాణం తోకకొచ్చింది. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు పోవాలి, పోలేకపోతే బంతి ఎదుటివాళ్ళకి ఇచ్చెయ్యాలి అని చెప్పాను. ఫ్రాన్స్ పిల్ల ఒకతె చెయ్యెత్తింది. "బంతి ఎక్కడ ఆగిందో ఎవరు చెప్తారండీ?" అంది. రిఫరీ అన్నాను. "ఎలా చెప్తాడు?" కంటితో చూసి సుమారుగా అక్కడ పెడతాడు అన్నాను. "ఆ తర్వాత?" ఆ తర్వాత గొలుసు తెచ్చి అంగుళం తేడా రాకుండా కొలుస్తాం అన్నాను. ఆ పిల్ల, "సుమారుగా పెట్టినదాన్ని కచ్చితంగా కొలుస్తారన్నమాట" అంది. లెక్కల మాస్టారిని, ఈ సంగతి నాకు ఇన్నేళ్ళూ తట్టలేదు చూడు.

నీ సంగతీ తెలిసింది. రాక్స్‌బరీ కాలేజీలో నువ్వు కూడా ఇదే పని చేస్తున్నావట. లోయిస్, మీ మార్జొరీ కూడబలుక్కునే మనల్ని ఇళ్ళలోంచి గెంటేశారు. సరే, గెంటితే గెంటారు. నవంబర్‌లో నీ పిల్లలకీ నా పిల్లలకీ ఒక పోటీ పెడదాం. గుద్దుకోవడాలు వద్దు, నడుముకు కట్టిన గుడ్డ పీకితే చాలు, మనిషిని ఆపినట్టే. మిగతావన్నీ అసలు ఆట నియమాలే. ఓడినవాడు గెలిచినవాడికి చక్కెర దట్టించిన రూబార్బ్ పై తినిపించాలి. ఏమంటావ్?

ఆరిన్

*

రాక్స్‌బరీ
4 సెప్టెంబర్ 1996

ఆరిన్ మాస్టారికి,

పై ఎవడికి కావాలి? నాకు షుగర్ ఉందని నీకు తెలుసు. అందుకే పై అన్నావు.

పందెం నేను చెప్తాను, విను. ఓడినవాడు మన ఊరెళ్ళి, శనివారం పొద్దున టిఫిన్ల వేళ లావర్న్ కెఫేలో లేచి నిలబడాలి. మన హైస్కూలు 1952 ఫుట్‌బాల్ ఫైనల్ పోయింది నా వల్లే అని అందరికీ వినపడేట్టు చెప్పాలి.

నీకు నచ్చనివి నీకు గుర్తుండవు కాబట్టి, పరదేశీ పిల్లలకి చెప్పినట్టు చెప్తాను. ముందుకు విసిరిన బంతి నేల తాకితే ఆట అక్కడితో ఆగినట్టు. ఎవరికీ నష్టం లేదు. వెనక్కి వేసిన బంతి నేల తాకినా ఆట ఆగదు, ఎవడి చేతికి దొరికితే వాడిదే. ఫైనల్లో మనం మూడు పాయింట్లు ముందున్నాం. ఇంకో నిమిషం ఉంది. నువ్వు నాకు బంతి వేశావు. అది నా చేతికి తగిలి కింద పడింది. నువ్వు చేతులెత్తావు, అది చూసి నేను నిలబడిపోయాను. ఎదుటి జట్టు ప్లమ్ హాలో వాడొకడు దాన్ని ఏరుకుని పరిగెత్తి, గీత దాటి టచ్‌డౌన్ చేశాడు. ఆరు పాయింట్లు వాళ్ళకి. రిఫరీ అది వెనక్కి వేసిన బంతే అన్నాడు. నేనూ అదే అంటున్నాను. నువ్వేమో నలభై నాలుగేళ్ళుగా, ముందుకే వేశాను, రిఫరీ గుడ్డివాడు, అయినా డెల్ పట్టుకోవాల్సిందే అంటున్నావు. ఊరు నీ మాటే నమ్మింది. ఈ రోజుకీ ఆ కెఫేలో ఎవరి చేతిలోంచి కప్పు జారినా అందరూ కలిసి "డెల్ చెయ్యి" అంటారు. పోయిన ఈస్టర్‌కి మా మనవరాలు అడిగింది, "తాతయ్యా, నీ పేరుతో ఎందుకంటారు?" అని. ఏం చెప్పమంటావ్?

అందుకని పందెం అదే. ఇష్టం లేకపోతే మానెయ్, ఇంట్లో కూర్చుని వంటకి వంకలు పెట్టుకో.

డెల్

*

ఎల్మ్స్‌ఫీల్డ్
16 సెప్టెంబర్ 1996

ఒరేయ్ డెల్,

పందెం వినగానే లోయిస్ ముక్కున వేలేసుకుంది. నేను ఒప్పుకున్నాను. మాట ఇచ్చాక వెనక్కి పోయే రకం కాదు నేను.

కాకపోతే నీ మీద జాలేస్తోంది, నా జట్టు మీద ఇంకా ఎక్కువ జాలేస్తోంది. మొత్తం తొమ్మిదిమంది. ఒకడు మంగోలియా వాడు, గన్‌బాట్ అని, కుస్తీ పట్టేవాడు. గుడ్డ పీకరా నాయనా అంటే మనిషినే ఎత్తి, పసిపిల్లాణ్ణి పడుకోబెట్టినట్టు నేల మీద పడుకోబెట్టి, అప్పుడు మర్యాదగా గుడ్డ తీసుకుంటాడు. కెన్యా పిల్లాడు అద్భుతంగా పరిగెత్తుతాడు గానీ ఎక్కడ ఆగాలో తెలియదు. మొన్న గీత దాటి, మైదానం దాటి, కార్లు పెట్టేచోట ఆగాడు. బంతి నా కారు బానెట్ మీద పెట్టి వచ్చాడు.

ప్రతిసారీ ఆటకి ముందు వలయంగా నిలబడి తలలు వంచమంటే ప్రార్థన అనుకున్నారు. రెండు వారాలపాటు భక్తిగా కళ్ళు మూసుకున్నారు. నేను ఎత్తులు చెప్తుంటే చివర్లో "ఆమెన్" అంటున్నారు.

ఈ మందతో నిన్నెలా ఎదుర్కోవాలో తెలియడం లేదు. మీవాళ్ళు బాగా ఆడతారని విన్నాను. నిజమేనా?

ఆరిన్

*

రాక్స్‌బరీ
27 సెప్టెంబర్ 1996

ఆరిన్,

నా చెవిలో పువ్వులు పెట్టకు. ముప్పై నాలుగేళ్ళు పోస్టాఫీసు నడిపినవాణ్ణి. కవరు పట్టుకుంటే లోపల అబద్ధం ఉందో లేదో చెప్పగలను.

మావాళ్ళ సంగతి అడిగావు. ఘోరం. టోంగా నుంచి సియోనె అని ఒకడున్నాడు. చర్చి తలుపంత వెడల్పు. రగ్బీ ఆడి వచ్చాడు. వాళ్ళ ఆటలో బంతిని ముందుకు విసరకూడదట, అన్నీ వెనక్కే. "ముందుకి విసరరా" అంటే పాపం చేస్తున్నట్టు నా వంక చూస్తాడు. మలేషియా పిల్లాడు ఫౌజీ మరీ మంచివాడు. ఎదుటివాడు పడిపోతే ఆగి లేవదీస్తాడు. దెబ్బ తగిలిందా అని అడుగుతాడు. ఈలోగా మనిషి పడ్డాడన్న సంతోషంలో నేను గీత దగ్గర గంతులేస్తుంటాను. నా గంతులు చూసి ఫౌజీ మొహం మాడిపోతుంది.

మొన్న మార్జొరీ అందరికీ చిల్లీ వండి, పక్కన దాల్చినచెక్క రొట్టె పెట్టింది. కారం కూరలో తీపి రొట్టె ముంచుకుని తింటారా అని వాళ్ళు నవ్వారు. తర్వాత గిన్నెలు నాకారు. ఆటలో పనికిరారు గానీ తిండిలో మనవాళ్ళే.

కాబట్టి గెలుపు నీదే. ఇప్పటినుంచే ఇస్త్రీ చొక్కా చూసుకో.

డెల్

*

ఎల్మ్స్‌ఫీల్డ్
10 అక్టోబర్ 1996

ఒరేయ్ డెల్,

మాకు కొత్తగా ఒకమ్మాయి వచ్చి చేరింది. ఫిన్లాండ్ పిల్ల, పేరు కైసా. ఎంత బుద్ధిమంతురాలో చెప్పలేను. ఆడదు, మాట్లాడదు, చివర బెంచీ మీద కూర్చుని నేను చెప్పే ప్రతి అక్షరం పుస్తకంలో రాసుకుంటుంది. ఏ ఊళ్ళో ఉంటున్నావమ్మా అంటే "దగ్గర్లోనే" అంటుంది. మీ ఊరి బస్సు వెళ్ళే వేళకి సరిగ్గా లేచి వెళ్ళిపోతుంది. ఇలాంటి శ్రద్ధ ఈ కాలం పిల్లల్లో ఎక్కడుంది?

ఆమె కోసమని మంగళవారం నాలుగు కొత్త ఎత్తులు ప్రత్యేకంగా నేర్పాను. అందులో ఒకదానిలో ఎనిమిదిమంది ఎడమవైపు పరిగెత్తుతారు, బంతి ఉన్నవాడు కూర్చుంటాడు. ఆమె దాన్ని రెండు రంగుల్లో బొమ్మ గీసుకుంది.

గురువారం ఇంకో పాఠం చెప్పాను. మొదటి రోజే చెప్పాల్సింది, ఎందుకో వాయిదా వేస్తూ వచ్చాను. దాని గురించి నీకు ఉత్తరంలో చెప్పాల్సిన పని లేదనుకుంటాను.

ఇక్కడ మొక్కజొన్న కోతలు మొదలయ్యాయి. నువ్వెలా ఉన్నావు? ఏమైనా విశేషాలుంటే వెంటనే రాయి.

ఆరిన్

*

రాక్స్‌బరీ
16 అక్టోబర్ 1996

ప్రియమైన ఆరిన్‌కి,

నీ ఉత్తరం అందింది. మేమందరం క్షేమం. ఇక్కడ కూడా కోతలు మొదలయ్యాయి. వాతావరణం బాగుంది. మార్జొరీ మోకాలు నొప్పి తగ్గింది. లోయిస్‌ని అడిగానని చెప్పు.

పిల్లలు బాగా నేర్చుకుంటున్నారు.

ఇట్లు,
డెల్బర్ట్

*

ఎల్మ్స్‌ఫీల్డ్
23 అక్టోబర్ 1996

ఒరేయ్ డెల్,

ఏమైందిరా నీకు? అర పేజీ ఉత్తరం, ఒక్క తిట్టు లేదు. "ప్రియమైన" ఏమిటి? యాభై ఏళ్ళలో నువ్వు నన్ను ప్రియమైన అన్నది మా నాన్న పోయినప్పుడు ఒక్కసారి. లోయిస్‌కి చూపిస్తే డాక్టర్ దగ్గరికి వెళ్ళమని రాయమంది.

వాతావరణం బాగుంది అని రాయడానికి నువ్వే కావాలా? రేడియోవాడు చెప్తాడు.

నిజంగా చెప్పడానికేం లేదా? ఎవరైనా ఏమైనా చెప్పారా? ఏదో ఒకటి అనరా. తిట్టాలనిపిస్తే తిట్టు. నేను ఇంట్లోనే ఉన్నాను.

ఆరిన్

*

రాక్స్‌బరీ
1 నవంబర్ 1996

ఆరిన్,

చెప్పడానికేం లేదు. ఆట రోజు కలుద్దాం. పందెం పందెమే.

డెల్

*

ఎల్మ్స్‌ఫీల్డ్
18 నవంబర్ 1996

డెల్,

శనివారం ఆట నాకు నిద్రపట్టనివ్వడం లేదు. నువ్వూ చూశావు, అయినా రాస్తున్నాను. రాస్తే తలలోంచి పోతుందేమోనని.

మీవాళ్ళు మూడు పాయింట్లు ముందున్నారు. ఒక నిమిషం ఉంది. బంతి సియోనె దగ్గరుంది. గుడ్డ పీకించుకుని కూర్చుంటే గెలిచేసేవాడు. వాడు తనకలవాటైనట్టు పక్కనున్న ఫౌజీకి బంతి వెనక్కి వేశాడు. ఫౌజీ చేతికి తగిలి కింద పడింది. ఫౌజీ నిలబడిపోయాడు. నిలబడ్డమే కాదు, సియోనె దగ్గరికెళ్ళి క్షమించమని రెండు చేతులూ పట్టుకున్నాడు. మీవాళ్ళంతా ఆగిపోయారు. మా గన్‌బాట్ ఒక్కడే బంతి మీద పడ్డాడు, లేచాడు, పరిగెత్తాడు. గీత దాటాక అక్కడే నిలబడి, నేను గెంతుతాననుకుని నా వంక చూశాడు.

నేను గెంతలేదు. మైదానం అవతల నిన్ను చూస్తున్నాను. నువ్వు ఫౌజీ భుజం మీద చెయ్యేసి ఏదో చెప్తున్నావు.

వెనక్కి వేసిన బంతితో ఆట ఆగదన్న పాఠం నువ్వు వాళ్ళకి ఎందుకు చెప్పలేదు? నీకంటే బాగా ఎవరికి తెలుసు?

చూడు, పందెం లేదు, ఏం లేదు. రద్దు చేసేద్దాం. నా దగ్గర రూబార్బ్ పై తిని వెళ్ళు, నీకు చక్కెర లేకుండా లోయిస్ చేస్తుంది. శనివారం లావర్న్ కెఫేకి రాకు.

ఆరిన్

*

రాక్స్‌బరీ
25 నవంబర్ 1996

ఆరిన్,

వచ్చాను. నువ్వు చూశావు. ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాను. నలభైమంది ఉన్నారు. లేచి నిలబడి "1952 ఫైనల్ పోయింది నా వల్లే. బంతి నేను వదిలేశాను" అన్నాను. ఎవరూ నవ్వలేదు. లావర్న్ కాఫీ కూజా పట్టుకుని అలాగే నిలబడింది. నువ్వు గోడవైపు బల్ల దగ్గర కూర్చుని, నీ పళ్ళెంలో గుడ్లకేసి చూస్తున్నావు. అవి నీకేదో చెప్తాయన్నట్టు.

ఇక నా దగ్గరున్నది చెప్తాను. కైసాని నేనే పంపాను. మా జట్టు పిల్లే. నీ ఎత్తులు రాసుకురమ్మన్నాను. అక్టోబర్ మొదటి గురువారం రాత్రి ఎనిమిదింటికి మా వంటింట్లో కూర్చుని పుస్తకం తీసి, ఎప్పట్లాగే ఒక్క మాట ఎక్కువ తక్కువ లేకుండా చదివింది. "వెనక్కి వేసిన బంతి చావదు. పద్దెనిమిదేళ్ళప్పుడు నేను నా స్నేహితుడికి బంతి వేశాను. చెయ్యి దాటగానే వెనక్కి పోయిందని తెలిసిపోయింది. బంతి నాకు మూడడుగుల్లో పడింది. మీద పడి ఉంటే గెలిచేవాళ్ళం. నేను పడలేదు. అది ముందుకి వేసిన బంతే అని రిఫరీ అనుకోవాలని రెండు చేతులూ పైకెత్తాను. నా చేతులు చూసి, ఆట ఆగిందనుకుని నా స్నేహితుడు ఆగిపోయాడు. మీరు చేతులెత్తకండి. బంతి మీద పడండి."

మార్జొరీ గరిటె కింద పడేసింది. ఎవరూ "డెల్ చెయ్యి" అనలేదు.

నాకు కోపం రాలేదు, ఆరిన్. బాధేసింది. యాభై ఏళ్ళ స్నేహితుడికి చెప్పని మాట, ఆరు వారాల కింద కలిసిన పిల్లలకి చెప్పావు. మంగోలియావాడికి తెలుసు, కెన్యావాడికి తెలుసు. నీ చేతులు చూసి ఆగిపోయానని నేను ఇన్నేళ్ళూ అంటూనే ఉన్నాను. అందరూ నవ్వారు, నువ్వూ నవ్వావు.

ఉత్తరంలో నిన్ను తిడదామని నాలుగుసార్లు కాగితం తీశాను. కుదరలేదు. నీ నోటి వెంట వినాలనిపించింది. మా పిల్లలకి ఆ పాఠం చెప్దామని నల్లబల్ల మీద రాశాను కూడా. చెప్పకుండానే తుడిచేశాను. దానివల్లే ఓడాం. ఆ రోజు ఫౌజీకి నేను చెప్తున్నదీ అదే, తప్పు నీది కాదని.

కెఫేలో ఎందుకు నిలబడ్డాను అంటే, నువ్వు లేచి ఆపుతావేమో చూద్దామని. నేను కూర్చునే వరకూ చూశాను.

డెల్

*

ఎల్మ్స్‌ఫీల్డ్
1 డిసెంబర్ 1996

ఒరేయ్ డెల్,

కైసా నీ మనిషని నాకు మొదటి రోజే తెలుసు. మొత్తం నెబ్రాస్కాలో, పోస్టాఫీసు వాళ్ళిచ్చే పెన్సిలుతో రాసుకునే ఫిన్లాండ్ పిల్ల ఇంకెవరు పంపితే వస్తుంది?

ఆ గురువారం పాఠం మంగోలియావాడి కోసం చెప్పలేదురా. కైసా కోసం చెప్పాను. నెమ్మదిగా చెప్పాను. ఆమె రాయడం ఆపితే నేనూ ఆపాను. చివర్లో బెంచీ దగ్గరికెళ్ళి, "అమ్మా, మూడడుగులు అని రాశావా?" అని పుస్తకం చూశాను. తప్పుంటే దిద్దాను. నీతో నేరుగా చెప్పే ధైర్యం లేక, నీ గూఢచారి చేత నీకు పంపించాను. పంపించి, నువ్వు అరుస్తూ ఎప్పుడు ఉత్తరం రాస్తావా అని రోజూ పోస్టుమనిషి కోసం గేటు దగ్గర నిలబడ్డాను. నువ్వేమో మార్జొరీ మోకాలు గురించి రాశావు. పిచ్చెక్కిపోయింది నాకు.

ఆ శనివారం కెఫేలో నువ్వు లేచినప్పుడు నేను లేవలేకపోయాను. అదే నిజం. పద్దెనిమిదేళ్ళప్పుడు ఎంత పిరికివాణ్ణో అరవై రెండేళ్ళకీ అంతే. సిగ్గేసింది. సిగ్గుతో వారమంతా తిండి సహించలేదు. గురువారం పండగకి లోయిస్ టర్కీ కోసి ముందు పెడితే తినలేక లేచిపోయాను. నేను ఈసారి వంకలు పెట్టలేదేమిటని ఆవిడ భయపడింది.

నిన్న శనివారం మన ఊరెళ్ళాను. నువ్వు లేవు. లేవని తెలిసే వెళ్ళాను, ఆ మాత్రం పిరికితనం మిగుల్చుకోనీ. కెఫే నిండా ఉన్నారు. బల్ల పట్టుకుని లేచాను. "పోయిన వారం డెల్ చెప్పింది అబద్ధం" అన్నాను. "బంతి వెనక్కి వేసింది నేను. వెనక్కని నాకు తెలుసు. తెలిసే చేతులెత్తాను. నా చేతులు చూసి వాడు ఆగాడు. ఫైనల్ పోయింది నా వల్ల. నలభై నాలుగేళ్ళు వాణ్ణి చూసి మీరంతా నవ్వుతుంటే నేనూ కలిసి నవ్వాను." అందరికీ వినపడేట్టే చెప్పాను.

లావర్న్ కూజా బల్ల మీద పెట్టింది. "కూర్చో ఆరిన్, గుడ్లు చల్లారిపోతాయి" అంది. తర్వాత నెమ్మదిగా, "ఆ రోజు నేను గీత పక్కనే నిలబడి మీకోసం కేకలేస్తున్నా. బంతి రెండడుగులు వెనక్కి పోయింది. నువ్వు చేతులెత్తావు. మేమంతా చూశాం" అంది.

"మరి ఒక్కళ్ళూ చెప్పలేదేం?" అన్నాను.

"నువ్వు చెప్తావని చూశాం" అంది. "నువ్వు చెప్పేదాకా మనకెందుకులే అనుకున్నాం. ఇంత ఆలస్యం చేస్తావని ఎవరికి తెలుసు?"

ఊరు ఊరంతా ముక్కు మీద గుద్దినట్టయింది. పక్క బల్ల మీద ముసలి హార్వే తలూపుతున్నాడు. ఇన్నేళ్ళూ నేను మోసం చేస్తున్నాననుకున్నవాళ్ళల్లో ఒక్కడూ మోసపోలేదు. ఆ అబద్ధం నమ్మినట్టు నటించడానికి వాళ్ళకి ఎంత ఓపిక కావాలో ఆలోచించు. వాళ్ళని కూడా నువ్వు క్షమించాల్సి ఉంటుంది. అది నీ ఇష్టం. నన్ను మాత్రం క్షమించమని అడుగుతున్నాను. కైసా చేత కాదు, నేనే అడుగుతున్నాను.

కూర్చోబోతుంటే నా చేతిలోంచి ఫోర్కు జారి కింద పడింది. నేను కళ్ళు మూసుకున్నాను. అలవాటైన మాటే వస్తుందనుకున్నాను.

కెఫేలో ఉన్నవాళ్ళంతా ఒక్క గొంతుతో "ఆరిన్ చెయ్యి" అన్నారు.

వచ్చే శనివారం రారా. మనవరాల్ని కూడా తీసుకురా. కాఫీ తాగుతూ తాగుతూ కప్పు కింద పడెయ్. నేను గోడవైపు బల్ల దగ్గరే కూర్చుని ఉంటాను.

ఆరిన్